కాస్త భయం ఉండాలమ్మా!

ఈ ఏడు ఆవకాయ జాడీలకి వాసెన కట్టి లోపలి గదిలో బల్ల మీదకి చేర్చేసరికి మా జి. కొండూరులో తొలకరి చినుకులు పడ్డాయి. తోటలో కోతలు అయిపోయాయి. నున్న మార్కెట్టుకి కాయలు తోలే ట్రాక్టర్ల రొద కూడా సద్దుమణిగింది. అరుగు మీద కూర్చున్న మా అత్తగారు మైలవరం కొండల వైపు ఒకసారి చూసి, "అమ్మాయ్, కాగితాల పెట్టె పైన పెట్టావా?" అన్నారు.

ఇదివరకైతే నవ్వేదాన్ని. ఈసారి నవ్వలేదు. "పెట్టానండీ" అన్నాను.

ఎందుకు నవ్వలేదో చెప్పేముందు ఒక ఉత్తరం సంగతి చెప్పాలి. ఒక సోదరి రాశారు. "నాకు ప్రతిదానికీ భయమేనండీ. గ్యాసు కట్టేశానో లేదో అని రాత్రి మూడుసార్లు లేస్తాను. పిల్లవాడు సైకిలెక్కితే గుండె దడ. మావారూ పిల్లలూ నన్ను చూసి నవ్వుతారు. ఈ భయం పూర్తిగా పోవాలంటే ఏం చెయ్యాలి?" అని.

పూర్తిగా ఎందుకమ్మా పోవడం? బియ్యంలో రాళ్ళున్నాయని బియ్యమంతా పారబోస్తామా? చేటలో పోసి ఏరుకుంటాం. భయాన్ని కూడా అలాగే ఏరుకోవాలి.

మన తెలుగులో భయానికి ఎన్ని మాటలున్నాయో చూడండి. జంకు, బెరుకు, బెదురు, గుబులు, దడ, బెంగ, వెరపు. అన్నీ ఒకటి కావు. బెంగ మనిషిని మంచాన పడేస్తుంది. గుబులు గుండెలో కూర్చుని తినేస్తుందే గానీ చేతికి పని చెప్పదు. కానీ పెద్దవాళ్ళ నోట "భయభక్తులు" అని ఒక జంట మాట వినేవాళ్ళం. నిప్పు దగ్గర, నూతి దగ్గర, వాగు దగ్గర, పాము పుట్ట దగ్గర భయభక్తులతో ఉండాలనేవారు. అంటే పారిపొమ్మని కాదు. నిప్పు లేకుండా వంట లేదు, నూతి దగ్గరికి వెళ్ళకుండా నీళ్ళు లేవు. దాని బలమెంతో తెలుసుకుని, ఆ మేరకు దానికి దూరమిచ్చి, మన పని మనం చేసుకోమని.

అసలు భయమే లేని మనిషి ఎలా ఉంటుందో తెలుసా? అమెరికాలో అలాంటి ఆవిడ ఒకరున్నారు. ముగ్గురు పిల్లల తల్లి. డాక్టర్లు ఆవిడ పేరు బయటపెట్టకుండా ఎస్.ఎం. అని పొడి అక్షరాలతోనే రాస్తారు. మెదడులో బాదంగింజ ఆకారంలో రెండు వైపులా ఒక చిన్న భాగం ఉంటుంది. అపాయం ఎదురుకాగానే గంట కొట్టే పని దానిది. అరుదైన జబ్బు వల్ల ఆవిడకి ఆ భాగం రెండు వైపులా దెబ్బతింది. 2010లో ఆవిడ గురించి ప్రచురించిన పరిశోధనలో వివరాలున్నాయి. పాములంటే అసహ్యమని నోటితో చెబుతూనే, పాములమ్మే కొట్టుకి తీసుకెళితే ఇంకా పెద్దవాటిని, ప్రమాదమైన వాటిని ముట్టుకుంటానని మళ్ళీ మళ్ళీ అడిగారట. ఒకసారి పార్కులో ఎవడో గొంతు మీద కత్తి పెట్టాడు. ఆవిడ పరుగెత్తలేదు, మామూలుగా నడిచి ఇంటికెళ్ళారు. మర్నాడు మళ్ళీ అదే పార్కు మీదుగా నడిచారు! తలుచుకుంటే మనకే ఒళ్ళు జలదరిస్తుంది. ధైర్యం కాదు అది. గంట లేని ఇల్లు.

సరే, మా అత్తగారి సంగతికి వస్తాను.

మా ఊరి పక్కన వెలగలేరు దగ్గర బుడమేరు మీద రెగ్యులేటరు ఉంది. బుడమేరంటే కృష్ణమ్మలాగా ఏడాది పొడుగునా నిండుగా కనిపించే నది కాదు. మైలవరం కొండల్లో పుట్టి, వంకర్లు తిరుగుతూ కొల్లేటికి పోయే వాగు. ఎండాకాలంలో మేకలు కాళ్ళు తడవకుండా దాటతాయి. కాపురానికొచ్చిన కొత్తలో "ఇదేనా బుడమేరు!" అని నేనే తేలిగ్గా తీసిపారేశాను. అత్తగారు మాత్రం దాన్ని ఎప్పుడూ చులకన చేసి మాట్లాడలేదు. "మనూళ్ళో చినుకు లేదని ధీమాగా కూర్చోబాక. కొండల మీద పడితే రాత్రికి రాత్రి వచ్చుద్ది" అనేవారు. కొండ వాగుల గుణమే అది. పైన కురిసిన వానంతా కొద్ది గంటల్లో ఒక్కసారిగా దిగుతుంది. వెలగలేరు దగ్గర నుంచి ఆ నీటిని కృష్ణలోకి మళ్ళించడానికి డైవర్షన్ కాలువ ఉంది. అది పట్టినంత వరకూ సరే. పట్టనిది పాత దారిన బెజవాడ మీదుగా పోతుంది. బుడమేరుకి బెజవాడ దుఃఖదాయని అన్న పేరు ఊరికే రాలేదు.

వానాకాలం వస్తే అత్తగారిది ఒకటే తంతు. పట్టాదారు పాసుపుస్తకాలు, పిల్లల సర్టిఫికెట్లు, మందులు, అగ్గిపెట్టె, కొవ్వొత్తులు, రెండు రోజులకి సరిపడా అటుకులు, బెల్లం ఒక రేకు పెట్టెలో పెట్టి పైకెక్కించాలి. విత్తనాల బస్తాలు నేల మీద ఉండకూడదు. గొడ్లని రాత్రిపూట పలుపుకి గట్టిగా కట్టకూడదు, లాగితే ఊడే ముడి వెయ్యాలి. ఇంటిల్లిపాదీ నవ్వేవాళ్ళం. "అత్తయ్యగారూ, ఇన్నేళ్ళలో ఒక్కసారైనా వచ్చిందా అంత నీళ్ళు?" అని నేను ఎగతాళి చేసిన రోజులున్నాయి. ఆవిడ ఉలికేవారు కాదు, పలికేవారు కాదు. మర్నాడు చూస్తే పెట్టె పైనే ఉండేది.

2024 ఆగస్టు 31, శనివారం. కుంభవృష్టి. కళ్ళెదుటి చెట్టు కనపడలేదు. పొద్దుపోయాక అత్తగారు విజయవాడ సింగ్‌నగర్‌లో ఉన్న మా వదినగారికి, అంటే ఆవిడ కూతురికి, ఫోను చేయించారు. వాళ్ళది కింది వాటా. "ఒసేయ్, సామాను పైకెక్కించుకోండి. మీ ఆయన మందులు పైవాటా వాళ్ళింట్లో పెట్టు" అన్నారు. ఆ చివర వదినగారు నవ్వుతున్నారని నాకు ఇక్కడికి వినిపిస్తోంది. "అమ్మా, ఇది సిటీ, మన ఊరు కాదు" అన్నారు. నేను ఫోను తీసుకుని, ఇప్పుడు చెప్పడానికి సిగ్గుగా ఉంది, "మీ అమ్మగారి సంగతి మీకు తెలీదా వదినగారూ, పడుకోండి" అన్నాను.

పడుకోమన్నాను!

వదినగారు మాత్రం తల్లి తిడుతుందని ఒక్క పని చేశారు. అన్నయ్యగారికి షుగరు, రోజూ ఇన్సులిన్ వేసుకోవాలి. ఆ సీసాలు, సూదులు, బీపీ మాత్రలు, పిల్లల సర్టిఫికెట్ల ఫైలు ఒక ప్లాస్టిక్ బకెట్లో సర్ది, మూతపెట్టి, పైవాటా వాళ్ళకిచ్చి వచ్చారు. మిగతా సామాను ఎక్కడిదక్కడే ఉంది.

ఆదివారం తెల్లారేసరికి బుడమేరు పట్నంలో ఉంది. సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ, ఒకటేమిటి! మా మండలంలో డైవర్షన్ కాలువ కట్టకి మూడుచోట్ల గండ్లు పడ్డాయి. వాటిని పూడ్చడానికి సైన్యం కూడా దిగవలసి వచ్చింది. అటు సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది, అంతకుముందెన్నడూ రానంత. కృష్ణే అంత నిండుగా ఉంటే ఇక బుడమేరు నీళ్ళు ఎక్కడికి పోతాయి?

వదినగారింట్లో ఫ్రిజ్జు బోర్లా తేలింది. పరుపులు, బియ్యం డబ్బాలు, పిల్ల పెళ్ళికని కొన్న పట్టుచీరలు అన్నీ బురదపాలు. మెట్లెక్కి పైవాటాకి చేరేసరికి నీళ్ళు నడుం దాటాయట. కరెంటు లేదు. రోజుల తరబడి పాలూ మంచినీళ్ళూ పడవల మీద వచ్చాయి. కొన్నిచోట్ల అన్నం పొట్లాలు డ్రోన్లతో జారవిడిచారు. ఫోన్లు పనిచెయ్యక, వాళ్ళు ఉన్నారో లేదో తెలీక ఇక్కడ మేమెలా ఉన్నామో ఆ దేవుడికే ఎరుక. అత్తగారు ఒక్కటే మాట పదేపదే అన్నారు. "మందులు పైన పెట్టిందో లేదో."

పెట్టారు. కరెంటు లేకపోయినా పైవాటా ఆవిడ ఇన్సులిన్ సీసాలని తడిబట్ట చుట్టిన మట్టికుండలో, నీళ్ళు తగలకుండా, చిన్న గిన్నెలో పెట్టి కాపాడారు. ఫ్రిజ్జు లేనప్పుడు అదే మంచి పద్ధతని తర్వాత డాక్టరు కూడా చెప్పారు. అన్నయ్యగారికి ఒక్కపూట కూడా మందు తప్పలేదు. అదే వీధిలో మందులు తడిసిపోయి నానా అవస్థా పడిన ఇళ్ళున్నాయి.

అక్కచెల్లెళ్ళూ, నేనిది ఆలోచిస్తూనే ఉన్నాను. 2005లో కూడా బుడమేరు బెజవాడని ముంచింది. పందొమ్మిదేళ్ళు గడిచేసరికి మరిచిపోయాం. అత్తగారు మరిచిపోలేదు. మేం దాన్ని చాదస్తమన్నాం. పెద్దవాళ్ళ భయాల్లో చాదస్తం ఉండదనను, ఉంటుంది. మా అత్తగారికి బల్లి పడితే భయం, మంగళవారం గోళ్ళు తీస్తే భయం. వాటికి నేను ఇప్పటికీ నవ్వుతాను, ఆవిడ కూడా నాతోపాటు నవ్వుతారు. కానీ వాగు భయం వేరు. అది కళ్ళారా చూసి, పోగొట్టుకున్నవాళ్ళని ఓదార్చి సంపాదించుకున్న భయం. మన జిల్లా వాళ్ళకి 1977 నవంబరు 19 గుర్తుండే ఉంటుంది. దివిసీమ ఉప్పెనలో పదివేలమందికి పైగా పోయారు. 1990 మే నెలలో మళ్ళీ ఈ తీరానికే పెనుతుపాను వచ్చింది. ఈసారి ముందుగా లక్షమందికి పైగా జనాన్ని ఊళ్ళు ఖాళీ చేయించారు. పోయినవారి సంఖ్య వెయ్యి లోపే. అది కూడా తక్కువేం కాదు, ఒక్కో ప్రాణం ఒక్కో ఇల్లు. కానీ ఆ తేడా చూడండి. సముద్రం మెత్తబడలేదు. మనుషులు భయపడడం నేర్చుకున్నారు, సమయానికి కదిలారు.

ఇక మన వంటింటి మాట. ఉత్తరం రాసిన సోదరికి జవాబు ఇక్కడే ఉంది.

ఆవకాయ పెట్టే రోజున మనం ఎంత భయపడతామో గమనించారా? ముక్కల్ని తుడిచి తుడిచి ఆరబెడతాం. జాడీ ఎండలో పెడతాం. తడిచెయ్యి పెట్టిన పిల్లని కసురుతాం. నూనె ముక్క మీద తేలకపోతే మళ్ళీ పోస్తాం. తడి తగిలితే బూజు పడుతుందని, పైన నూనె ఉంటే గాలి సోకదని మనకి ఒకరు చెప్పక్కర్లేదు. ఆ భయం వల్ల మనకి నిద్ర పట్టకుండా పోయిందా? లేదు. చెయ్యవలసింది చేసి, వాసెన కట్టి, హాయిగా పడుకున్నాం. ఏడాది పొడుగునా అన్నంలో కలుపుకున్నాం. గ్యాసు దగ్గర కూడా సరిగ్గా ఇంతే భయం కావాలి. ఇంతకంటే వద్దు.

రాత్రి వంటిల్లు సర్దాక రెగ్యులేటరు మీద చెయ్యి వేసి తిప్పి, "కట్టేశాను" అని పైకి ఒక్కసారి అనండి. పిచ్చిగా ఉంటుంది, అయినా అనండి. చెయ్యీ చెవీ రెండూ సాక్ష్యం ఉంటే మనసు మళ్ళీ లేపదు. వాసన వస్తే మాత్రం లైటు వెయ్యకండి, వెలుగుతున్న లైటు ఆర్పకండి, ఫ్యాను జోలికి పోకండి. స్విచ్చిలో పుట్టే చిన్న నిప్పురవ్వ చాలు. రెగ్యులేటరు కట్టి, తలుపులూ కిటికీలూ బార్లా తెరిచి, బయటికొచ్చి 1906కి ఫోను చెయ్యండి. వంటగ్యాసు గాలికన్నా బరువు. నేలబారునే ఉంటుంది, కాబట్టి పైన ఉన్న చిన్న కిటికీ ఒక్కటీ తెరిస్తే చాలదు. అసలు ఆ గ్యాసుకి సొంత వాసనంటూ లేదు. మనం భయపడాలనే ఆ కుళ్ళు వాసన కలుపుతారు! సిలిండరు తీసుకునేటప్పుడు మెడ దగ్గర పలకల మీద ఎ, బి, సి, డి అక్షరాల్లో ఒకటీ, పక్కన సంవత్సరమూ రాసి ఉంటాయి. ఎ అంటే మార్చిలోపు, బి జూన్, సి సెప్టెంబరు, డి డిసెంబరు. ఆ గడువు దాటిన సిలిండరుని మళ్ళీ పరీక్ష చెయ్యాలని అర్థం. అది ఇంట్లోకి తెచ్చుకోవద్దు. రబ్బరు గొట్టం అయిదేళ్ళకోసారి మార్చండి. పగుళ్ళు కనిపిస్తే అయిదేళ్ళు ఆగక్కర్లేదు.

మా మామిడి నేలవాళ్ళకి ఇంకో భయం ఉంది. తోటలో ఎండుటాకుల కింద రక్తపింజర పడుకుంటే ఆకుకీ పాముకీ తేడా తెలీదు. మా అత్తగారు చీకటి పడ్డాక చేతిలో లైటు లేకుండా, కర్రతో నేల తట్టకుండా తోటలో అడుగుపెట్టరు. వయసు కుర్రాళ్ళు నవ్వుతారు, చెప్పుల్లేకుండా వెళతారు. మన దేశంలో 2000 నుంచి 2019 వరకు ఏటా సగటున 58 వేలమంది పాముకాటుతో చనిపోయారని ఒక పెద్ద అధ్యయనం లెక్క తేల్చింది. ఎక్కువమంది పల్లెల్లోవాళ్ళే. కాటు పడితే గట్టిగా తాడు కట్టడం, కత్తితో కొయ్యడం, నోటితో పీల్చడం, మంత్రగాడి దగ్గరికి తిప్పడం, ఇవేవీ వద్దు. గాజులూ ఉంగరాలూ తీసేసి, ఆ కాలో చెయ్యో కదలకుండా ఉంచి, 108కి ఫోను చేసి ఆసుపత్రికి చేర్చాలి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటి విషానికీ ఒకే ఇంజెక్షన్ మందుంది. అది అందడానికి పట్టే సమయమే ప్రాణం.

పండు సంగతి ఒక్క మాట. కార్బైడుతో మాగించడం చట్టప్రకారం నిషేధం, అందులో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ జాడలుంటాయి. పైన నిగనిగలాడే పసుపు, లోపల పులుపు ఉంటే అనుమానించండి. కాయలు దొరికితే ఇంట్లోనే వరిగడ్డిలో ముగ్గవేసుకోండి. పండు ఏదైనా నీళ్ళలో నానబెట్టి, కడిగి తినండి. ఇంతమాత్రానికి మామిడిపండు మానేస్తామంటే నేనొప్పుకోను. చిన్నరసాలు తినని వేసవి వేసవా?

ఇన్ని భయాలు చెప్పాను గదా, ఇప్పుడు ఏరి పారేయవలసినవి. మన ఆడవాళ్ళకి చిన్నప్పటి నుంచి నూరిపోసిన భయాల్లో సగం పనికిరానివి. నలుగురూ ఏమనుకుంటారో అన్న భయం చూడండి. రొమ్ములో గడ్డ తగిలినా డాక్టరుకి చూపించుకోనివ్వని భయం అది. ఆయనకి కోపమొస్తుందని ఒంటి మీద దెబ్బలు కొంగు కింద దాచుకునే భయం ఇంకా దారుణం. దాన్ని భయభక్తుల్లో కలిపేశారు, అన్యాయంగా. నిప్పుకి భయపడితే నిప్పు మనకి అన్నం వండిపెడుతుంది. కొట్టే మనిషికి భయపడుతూ కూర్చుంటే దెబ్బలు పెరుగుతాయే గానీ తగ్గవు. అక్కడ భయం చెప్పే మాట ఒకటే, బయటికి వచ్చి ఎవరికైనా చెప్పమని. 181కి ఫోను చెయ్యవచ్చు, పగలైనా రాత్రైనా.

ఉత్తరం రాసిన సోదరీ, మీకు ఇంకొక్కటి. ఒకసారి చూసి, చెయ్యవలసింది చేశాక కూడా మనసు ఊరుకోకపోతే, తిండీ నిద్రా చెడితే, అది మీ తప్పు కాదు, పిరికితనమూ కాదు. పైత్యం చేస్తే మందు వేసుకోమా? అలాగే డాక్టరుకి చూపించుకోండి. 14416 అని ప్రభుత్వం వారి టెలీ మానస్ నంబరు ఉంది, డబ్బు ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడవచ్చు. మీవారు నవ్వితే నవ్వనివ్వండి. కానీ సైకిలెక్కే పిల్లవాణ్ణి ఆపకండి. బ్రేకులు చూసుకోమని చెప్పి పంపండి.

మా వదినగారు ఆ కింది వాటాలోనే ఉంటున్నారు. ఎక్కడికి పోతారు, ఇల్లు అక్కడుంది, అన్నయ్యగారి కొట్టు అక్కడుంది. గోడ మీద నీటి గీత తుడిచి సున్నం వేశారు. ఒక్క మూల మాత్రం, దేవుడి పటాల పక్కన, చెయ్యెడు మేర అలాగే ఉంచేశారు. వచ్చినవాళ్ళు మరక అనుకుంటారు.

మొన్న రాత్రి వాన కాస్త గట్టిపడింది. అత్తగారు ఫోను అడుగుదామని లేచేలోగా అదే మోగింది. "అమ్మా, మందులూ ఫైలూ పైన పెట్టేశాను" అన్నారు వదినగారు.

"సరే, ఇక పడుకో" అన్నారు అత్తగారు. ఫోను నాకిచ్చేసి, దుప్పటి ముసుగు పెట్టి, రెండు నిమిషాల్లో గురక.